దిబ్బ మీద నీళ్లు

మా ఆయన సముద్రంలో పోయాక, ఆయన పెంచిన గండుపిల్లే నాకు మిగిలింది. మేము చేపలు ఎండబెట్టే ఇసుక దిబ్బ మీద ఒక్క ఎలుకను తిరగనిచ్చేది కాదు. అలాంటిది ఒకరోజు ఇసుకలో గుంట తవ్వుకుని కూర్చుంది, ముక్కింది, అరిచింది, మూత్రం చుక్క రాలేదు. ఇంకో గుంట తవ్వింది. మళ్లీ అదే అరుపు.

"కడుపు బిగిసింది వదినా, రవ్వంత ఆముదం పట్టు" అన్నాడు మరిది, అన్నీ తెలిసినవాడిలా.

పొట్ట కింద తడిమితే రాయిలా ఉంది. గంపలో పెట్టుకుని బస్సెక్కి నెల్లూరు పశువుల ఆసుపత్రికి పోయాను. గేదెలొచ్చే చోటికి పిల్లిని తెచ్చావా అని డాక్టరు నవ్వాడు. నవ్వుతూనే సన్నటి గొట్టం పెట్టి నెత్తురు కలిసిన మూత్రం తీశాడు.

"గండుపిల్లికి ఆ దారి సన్నం తల్లీ. సన్న ఇసుకలాంటిది అడ్డం పడింది, మళ్లీ పడుద్ది. ఉప్పుచేప మాన్పించు, నీళ్లు బాగా తాగనీ. చుక్క రాకపోతే వెంటనే తీసుకురా. ఇంట్లో పొట్ట పిసికావంటే చచ్చిపోద్ది."

నీళ్లట! తడి తగిలితే ఎండుచేపకు పురుగు పడుతుందని, దిబ్బ మీద నీళ్ల పాత్ర పెట్టకూడదని మా మామ నాటి కట్టుబాటు. మనుషులమే దిగిపోయి తాగాలి. పిల్లి దిబ్బ దిగదు. ఇక అది తినేది ఉప్పుచేప, తాగేది గాలి.

నేను మూకుడుతో నీళ్లు పెట్టాను. మరిది కాలితో తన్నాడు.

"పిల్లి కోసం సరుకు కుళ్లబెడతావా?"

"మూకుడు నీళ్లకే మునిగిపోద్దా అబ్బయా నీ సరుకు?"

"మా అన్న ఉండుంటే..."

"ఉండుంటే నీ కాలు ఇరగ్గొట్టుండేవాడు!"

ఎండలు ముదిరేసరికి పిల్లికి మళ్లీ బిగిసింది. మళ్లీ గంప, మళ్లీ బస్సు. ఈసారి డాక్టరు నవ్వలేదు, చెప్పింది చేయలేదని నన్ను తిట్టాడు. తన్నినవాడు దిబ్బ మీద, తిట్లు నాకు!

దిబ్బకొచ్చీ రాగానే నా వాటా చేపలన్నీ ఒక పక్కకు ఈడ్చి, మధ్యలో తాటాకు దడి కట్టాను. నా వైపు మట్టితొట్టి నిండా నీళ్లు పోశాను. పచ్చిచేపను ఉప్పు లేకుండా ఉడికించి, ఆ నీళ్లతోనే పెట్టాను. పొద్దున్నే పిల్లి గుంటలో వేలు పెట్టి, ఇసుక తడిసిందో లేదో చూసుకునేదాన్ని. తడి తగిలితే చాలు, ఆ పూటకు ఊపిరి పీల్చుకునేదాన్ని. నా చేపకు ఏ పురుగూ పట్టలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం దడి అవతల నుంచి మరిది గొంతు వినిపించింది.

"వదినా, నోరెండిపోతా ఉండాది. రవ్వన్ని నీళ్లియ్యి."

"దిబ్బ దిగి పోయి తాగు. నీ సరుకు కుళ్లిపోద్ది గదా!"

వాడు దడి మీద నుంచి తొట్టి వైపు తొంగి చూశాడు. వాడు చూస్తుండగానే పిల్లి వచ్చి, తొట్టిలో మూతి పెట్టి, తీరిగ్గా తాగింది.