తప్పంతా మైకుదే

ఆఫీసులో ఆయన్ని పాముచెవులాయన అంటారు. పక్క గదిలో ఫ్యాను బేరింగు అరిగినా కుర్చీలోంచి కదలకుండా పట్టేసేవాడు. శబ్దాన్ని రికార్డు చేయడానికి, వినిపించడానికి మిగతా ప్రోగ్రామర్లు తెచ్చుకుని వాడుకునే ఆడియో లైబ్రరీ ఒకటి ఉంది. ఆ కోడంతా ఆయన చేతిదే. అన్నీ ఉన్నా దానికో పాడుబుద్ధి. ఎక్కడ ఏం తప్పినా "మైకు దొరకలేదు" అని మెసేజీ ఇస్తుంది. డిస్కు నిండినా మైకే, ఫైలు పేరు తప్పు కొట్టినా మైకే. తొలిరోజుల్లో మొరాయించేది మైకొక్కటే కాబట్టి ఆయన ఆ ఒక్క మాటే రాసుకున్నాడు. తరవాత వచ్చిన తప్పులన్నిటినీ బద్ధకించి అందులోకే తోసేశాడు. పాపం, దాన్ని నమ్మి ఎంతమంది కొత్త మైకులు కొనుక్కున్నారో. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ లైబ్రరీ అని భార్య ఏడిపించేది.

ఆవిడ పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. ఇప్పుడు చూపులేని పిల్లల బడి కోసం కథలు చదివి రికార్డు చేస్తుంది. బట్టల బీరువా పక్కన దుప్పటి వేలాడదీసిన మూలే ఆవిడ స్టూడియో. ఏ కథైనా ముందు ఆయన విని సరేనంటేనే పిల్లలకు వెళ్తుంది.

ఆ యేడు ఆయన సరేననడం మానేశాడు.

"గొణుగుతున్నావు," అన్నాడు హెడ్‌ఫోన్లు తీసి. "చివరి అక్షరాలు మింగేస్తున్నావు."

ఇంకెవరైనా అని ఉంటే ఆవిడ నాలుగు దులిపి ఉండేది. అన్నది పాముచెవులాయన కాబట్టి నమ్మేసింది. వేడినీళ్లు పుక్కిలించింది, మాత్రలు చప్పరించింది, గొంతు పెంచి చదివింది. ఆయనది అదే పాట. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్తే లైటు వేసి చూసి, "మీ గొంతుకేమమ్మా, నిక్షేపంలా ఉంది," అన్నాడు. దాంతో దిగులు ఇంకా పెరిగింది. డాక్టరుకే అంతుపట్టనిదంటే ఇక తన పని అయిపోయినట్టే అనుకుని, చదవడం మానేస్తానని బడికి ఫోను చేసింది.

"అదేంటక్కా," అంది అక్కడి హెడ్మిస్ట్రెస్. "మొన్న నేను తొందరపెడితే పంపారే, ఆ కథ. మాటమాటా గంట కొట్టినట్టుంది. పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టించుకుంటున్నారు."

అది ఆయన వద్దన్న కథ.

ఆవిడ ఫోను పెట్టేసింది. భోజనాల దగ్గర ఆయన ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది. మెసేజీని నమ్మకు, శబ్దం వెంట నడు. ఎక్కడిదాకా బాగుందో చూసుకుంటూ పో. గొంతు బాగుంది. మైకు బాగుంది. రికార్డు చేసేటప్పుడు కంప్యూటరు తెర మీద శబ్దపు గీతలు ఎప్పట్లాగే ఎగురుతున్నాయి. పిల్లలకు వినిపిస్తోంది. ఇక మిగిలింది ఆయన చెవులు. ఆ చెవులే ఆయన బతుకు.

"ఏవండీ, శబ్దం వెంట నడిచాను," అంది పక్కన కూర్చుని. "నా గొంతులో తప్పు లేదు. వైరులో లేదు, ఫైల్లో లేదు. ఆఖర్న మీరున్నారు."

ఆయన తల పైకెత్తి, "ఈ ఫ్యాను చప్పుడు చేస్తోందా?" అని అడిగాడు.

"వేసవి నుంచీ."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. వేరే రోజైతే ఆవిడ ఈ సామెత వదిలేది కాదు. ఇప్పుడు ఊరికే ఆయన చెయ్యి పట్టుకుంది.

చెవి డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందు ఆయన కంప్యూటరు తెరిచి, లైబ్రరీలో ఇన్నేళ్ల ఆ మైకు మెసేజీ చెరిపేశాడు. "ఏదో తప్పింది. ఎక్కడో నాకు తెలియడం లేదు," అని రాశాడు.

చెవి మిషన్లు వచ్చిన రోజు ఆవిడ దుప్పటి వెనక చదువుతోంది. ఆయన అంచు ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

"ఎందుకే అంత అరుస్తావు? మామూలుగా చదువు."

ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన వెళ్లి ముందు ఫ్యాను ఆపాడు. తరవాత దుప్పటి పక్కనే నేల మీద చతికిలబడి, ఆవిడ గొంతు తగ్గించి మొదటి నుంచి చదువుతుంటే చివరి అక్షరం దాకా విన్నాడు.