నేను కలిపిన ఒక్క వాక్యం

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. చెన్నై నుంచి వచ్చే ఓడలోని సరుకంత బరువని రాయబోయి కొట్టేశాను. ఒక వాక్యమంత. అంతే. మీరెవరో నాకు తెలియకపోవడమే దాన్ని దించుకోవడానికి సాయం. నా పేరు అడక్కండి. ఈ దీవుల్లో పేరు చెబితే మధ్యాహ్నానికల్లా అండమాన్ అంతా తెలిసిపోతుంది. చూశారా, మళ్లీ పెంచాను. మా వీధి దాకా తెలుస్తుంది.

పెంచి చెప్పడం నా జబ్బు. మిడిల్ పాయింట్‌లో నాకొక కిరాణా కొట్టుంది. కిలో పప్పు కొన్నవాడికి కిలోన్నర కబుర్లు ఉచితం. డెలానీపూర్‌లోని మా చిన్న తెలుగు క్రైస్తవ సంఘంలో ఇంకో పని ఉండేది. హిందీలో బోధించే సేవకులు వచ్చినప్పుడు పక్కన నిలబడి తెలుగులో చెప్పడం. బజారు హిందీ వచ్చినా, వాళ్ల గ్రంథాల హిందీ మావాళ్లకు అందేది కాదు. ఆయన వాన అంటే నేను తుఫాను అనేవాణ్ణి. ఆయన నలుగురంటే నేను నలభైమందిని నిలబెట్టేవాణ్ణి. జనం నవ్వేవారు. తన మాటకే నవ్వుతున్నారనుకుని బోధకుడూ సంతోషించేవారు. ఇందులో ఎవరికి నష్టం అనుకున్నాను.

సింహాచలం వండూర్‌లో చేపలు పట్టేవాడు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం. ఇంటిల్లిపాదిలో తనొక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి గుట్టు విప్పాడు. పడవ దింపేటప్పుడల్లా వాళ్లమ్మ దాని ముందుభాగానికి పసుపు రాసి, గంగమ్మ పేరు చెప్పి కొబ్బరికాయ అతని చేతికిస్తుందట. కొట్టకపోతే అతను తిరిగొచ్చేదాకా మంచినీళ్లయినా ముట్టదట. అందుకని కొడుతున్నాడట. ఎవరికీ చెప్పొద్దు భయ్యా, నా కోసం ప్రార్థన చెయ్యి అన్నాడు. చేస్తానన్నాను. చేశానా? గుర్తు లేదు. అంటే చేయలేదనే.

కొద్ది రోజులకే రాంచీ వైపు నుంచి ఒక పెద్దాయన బోధించడానికి వచ్చారు. అది ప్రభువు బల్ల ఆదివారం, రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం పంచుకునే రోజు. రొట్టె ముట్టుకునే ముందు ఎవరి లోపలికి వాళ్లు తొంగిచూసుకోండి, పక్కవాడి లోపలికి కాదు అన్నారు. ఆయన అన్నది అంతే. కరెంటు లేదు, ఉక్కపోత, జనం జోగుతున్నారు, ఎవరూ నవ్వి చాలాసేపయింది. ఆయన మాట తెలుగులో చెప్పి, ఊపిరి తీసుకోకుండా ఇంకొకటి కలిపాను.

“ఇక్కడ ఆదివారం రొట్టె విరిచి, సోమవారం పడవ మీద కొబ్బరికాయ కొట్టేవాళ్లు కూడా ఉన్నారు.”

నవ్వారు. మా సంఘంలో పడవ ఉన్నవాడు ఒక్కడే. తలలన్నీ అటు తిరిగాయి. సింహాచలం లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. తెలుగు రాని పెద్దాయన నవ్వుముఖంతో నా వైపు చూశారు.

నవ్వు కోసమేనా? చాలాకాలం అలాగే సరిపెట్టుకున్నాను. కాదు. అంతకుముందు నెలలో సింహాచలం సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు, తను దేవుణ్ణి ఎలా నమ్ముకున్నాడో. నాలుగు ముక్కలు, సగం బజారు హిందీలో, తడబడుతూ. జనం ఏడ్చారు. నేను ఎన్ని తుఫానులు లేపినా ఏనాడూ ఒక్క కన్ను తడవలేదు. అది గుచ్చుకుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందా, లేక ఆ క్షణంలోనే తెలిసి, తెలియనట్టు ఉండడానికి ఇన్నేళ్లు కష్టపడ్డానా?

అతను మళ్లీ రాలేదు. ఒకసారి చేపల బజారులో ఎదురైనప్పుడు కారణం చెప్పాడు. ఆ పెద్దాయన ఊరికి కొత్త, నా నోట బయటపడి ఉండదు, తన గుట్టు ఆయనకు తెలిసే దారి లేదు, కాబట్టి దేవుడే చెప్పి ఉంటాడట. దేవుడే అందరి ముందూ పొమ్మన్నాక ఇంకే మొహంతో రావాలన్నాడు. ఆ మాట నేనే కలిపానని అక్కడే చెప్పి ఉండొచ్చు. నేను చేప ధర అడిగాను.

ఆ తర్వాత ప్రతి ప్రభువు బల్లకూ నన్ను నేను పరీక్షించుకున్నాను. శ్రద్ధగానే. కోపం, పిసినారితనం, కొట్లో తూకం, అన్నీ వెతికేవాణ్ణి. ఆ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి గిన్నె నా చేతికందేది, తాగేసేవాణ్ణి. అలసిపోయాను. తప్పు చేసినందుకు కాదు, దాని చుట్టూ తిరిగి తిరిగి.

మొన్న వండూర్ వెళ్లాను. పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నిలబడే చెప్పాను. ఆ మాట పెద్దాయనది కాదని, నాదని.

చేతిలో ఉన్న ముడి బిగించి తల ఎత్తాడు.

“అయితే దేవుడు సెప్పలేదేటి?”

“లేదు.”

“నాను కాయ కొడతన్నానని ఆయనకి మాలూమ్ కదా భయ్యా?”

“తెలుసు.”

“తెలిసే ఊరుకున్నాడేటి?”

“ఊరుకున్నాడు. నేనే ఊరుకోలేదు.”

వల పక్కన పెట్టాడు. “అమ్మ పోయి సాన్నాళ్లయింది. కాయ మానీసి గూడా సాన్నాళ్లయింది. నువ్వీ ముక్క బజార్లోనే సెప్పుంటే…” అని ఆగిపోయాడు.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. పడవను నీళ్లలోకి నెట్టడానికి లేచాడు, నేను చెయ్యి వేయబోతే వద్దన్నాడు. పడవ కనబడినంతసేపూ ఒడ్డున నిలబడి, బస్సెక్కి వచ్చేశాను.

అతను తిరిగి సంఘానికి వస్తాడో రాడో తెలియదు. ఆదివారం గిన్నె నా దాకా వస్తే ఏం చేస్తానో అదీ తెలియదు. దాని ముందు కూర్చునే నేను ఎలాంటివాణ్ణో మాత్రం ఇప్పుడు తెలుసు.