పది వేళ్ల పరీక్ష

గ్రేసీ టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని బంగారుపాళ్యంలో ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. అననీ. పిల్లాడి చెవి మెలిపెట్టిన డ్రిల్లు మాస్టారితో ఆమె మాటలు మానేసింది. మార్కులు తగ్గాయని కూతుర్ని బజార్లో అందరి ముందూ కడిగేసిన తండ్రిని, అదే బజార్లో నిలబెట్టి కడిగేసింది. నోరు మూసుకుని సర్దుకుపోయేవాళ్లు ఊళ్లో కావలసినంతమంది ఉన్నారు, ఆమె కూడా వాళ్లలో చేరితే ఎవరికి లాభమో నాకు తెలియదు.

ఆమె పనిచేసేది హైవే పక్కనున్న ఒక ప్రైవేటు స్కూల్లో. చదివేది మాత్రం డీఎస్సీకి. ఎప్పటికైనా గవర్నమెంటు టీచరు కావాలన్నది ఆమె పట్టు. ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి తిరుపతిలో సైకాలజీ కోచింగుకు పోతుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే పొయ్యి దగ్గర పుస్తకం పెట్టుకుని రివిజన్ చేస్తుంది. కుక్కకు గంట, ఎలుకకు మీట, పిల్లికి పెట్టె, చింపాంజీకి అరటిపండు అని కోచింగు సార్లు కోడ్లు కట్టి ఇస్తే, అందరూ బిట్ల కోసం బట్టీ కొట్టి వదిలేస్తారు. గ్రేసీ మాత్రం ఆ ప్రయోగాల వెంటే పడుతుంది.

వాటిలో ఒకటి ఆమెను అసలు వదల్లేదు. అమెరికాలో ఒక బడిలో టీచర్లకు కొందరు పిల్లల పేర్లిచ్చి, ఈ ఏడు వీళ్ల తెలివి బాగా వికసిస్తుందని చెప్పారట. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు తీసినవే. ఏడాది తిరిగేసరికి చిన్న తరగతుల్లో ఆ పిల్లలే ఎక్కువ ముందుకొచ్చారట. దీని మీద పండితులు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారని సారు చెప్పాడు. గ్రేసీకి మాత్రం చిన్నప్పుడు తనను వెనక బెంచీలో కూర్చోబెట్టి మరిచిపోయిన టీచరమ్మ మొహం గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

పోయిన జూన్‌లో ఆ స్కూలుకు ఒక కంపెనీ మనిషి లాప్‌టాపూ, వేలిముద్రలు తీసే చిన్న యంత్రమూ పట్టుకొచ్చాడు. పది వేళ్ల గీతలు చూసి, ఏ పిల్లకు ఏ చదువు అబ్బుతుందో చెప్పేస్తాడట. కరస్పాండెంట్ జయరామ్ మురిసిపోయాడు. ఏడో తరగతిలో ఎవరు లెక్కల ఫౌండేషన్ సెక్షనుకు పోవాలో, ఎవరు మామూలు సెక్షన్లో ఉండాలో ఆ రిపోర్టే చెబుతుందన్నాడు.

మునిలక్ష్మికి మామూలు సెక్షను వచ్చింది. లెక్కల సామర్థ్యం తక్కువ, చేతిపనులు నేర్పించడం మేలు అని రంగురంగుల కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. గ్రేసీ బోర్డు మీద లెక్క పూర్తిగా రాయకముందే జవాబు అరిచే పిల్ల అది! అరవొద్దే అని రోజూ తిట్లు తినే పిల్ల!

వాళ్లమ్మ నాగులమ్మ మామిడి పల్పు ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. సాయంత్రం ఆమె ఇంటికి పోయి, ఆ కాగితం నమ్మొద్దని గ్రేసీ చెప్పింది.

"ఎందుకు నమ్మకూడదు టీచరమ్మా?" అంది నాగులమ్మ. "పొదుపు సంఘం మీటింగులో నేను యేలిముద్ర ఏస్తా గదా. అది సూసినోళ్లందరికీ నాకు సదువు రాదని తెలిసిపోతాది. దానిదీ యేలిముద్రలోనే బయటపడింది. నా బిడ్డ గదా, యాడికి పోతాది?"

గ్రేసీ తన కోపం ఎవరి మీద కక్కాలో తెలియక ఇంటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున రివిజన్లో పరీక్షల విశ్వసనీయత పాఠం వచ్చింది. ఒకే మనిషికి అదే పరీక్ష మళ్లీ పెడితే ఫలితం దాదాపు అలాగే రావాలి. రాకపోతే ఆ పరీక్షను నమ్మడానికి లేదు. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. ఈసారి చదివేసరికి అన్నం అడుగంటింది.

మొదటిసారి బడికి రాని పిల్లల కోసం కంపెనీ మనిషి మళ్లీ వచ్చినప్పుడు, నాగులమ్మను ఒప్పించి, మునిలక్ష్మినే ఇంకోసారి కూర్చోబెట్టింది. పేరు మాత్రం సూళ్లూరుపేటలో చదివే తన అన్న కూతురిది చెప్పింది, నిస్సీ అని. తప్పుడు పేరు చెప్పడం తప్పే. ఆ తప్పు చేస్తుంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

నిస్సీకి లెక్కల్లో అసాధారణ ప్రతిభ అని రిపోర్టు వచ్చింది. గ్రేసీ రెండు కాగితాలూ తీసుకుపోయి జయరామ్ బల్ల మీద కొట్టింది.

"ఇవి రెండూ మునిలక్ష్మివే సార్. అదే పిల్ల, అవే వేళ్లు."

ఆయన చూసి నవ్వేశాడు. "ఏమ్మా గ్రేసీ, మిషనన్నాక ఒకటీ అరా తప్పు రాదా?"

"ఒకటీ అరా అని మీకెట్ల తెలుసు సార్? ఇంకెవరినైనా రెండోసారి సూసినారా?"

"సరే, ఆ పిల్లను ఫౌండేషన్లో ఏసుకో. మిగతావాళ్ల జోలికి మాత్రం పోబాక."

"మిగతావాళ్లు బిడ్డలు కాదా సార్?"

"నీకు ఉద్యోగం కావాల్నా, వద్దా?" అన్నాడు జయరామ్. ఈసారి నవ్వలేదు.

సాయంత్రం గ్రేసీ గేటు దగ్గర నిలబడి, పిల్లల కోసం వచ్చిన ప్రతి తల్లికీ, ప్రతి నాయనకూ ఆ రెండు కాగితాలూ చూపించింది. గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది. గొడవ పెద్దదై సెక్షన్లు విడదీయడం ఆగిపోయింది. నెలాఖరు నుంచి రావద్దని ఆమెకూ చెప్పేశారు. పోతే పోయిందనుకుంది.

మిగిలిన ఆ కొద్ది రోజుల్లో ఒకనాడు ఏడో తరగతిలో బోర్డు మీద లెక్క రాసి, అరుపు కోసం ఆగింది. ఎవరూ అరవలేదు. వెనక్కి తిరిగి చూస్తే మునిలక్ష్మి తల వంచుకుని కూర్చునుంది.

"రామ్మా, వచ్చి చెయ్యి."

"నాకు లెక్కలు రావు టీచర్."

"ఆ కాగితం అబద్ధమని తేలిపోయింది గదే! రెండో దాంట్లో సూడు, ఎంత బాగా వచ్చిందో."

మునిలక్ష్మి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"అది నిస్సీది గదా టీచర్," అంది.