ఆకాశానికేమీ కాదనుకున్న గ్యాసు

పోయిన వారం ఒక మధ్యాహ్నం రాయపోల్ నుంచి ఫోన్ వచ్చింది. డాబా మీద ఏసీ బిగిస్తూ మా చిన్నాయిన కూలిపోయాడట. వడదెబ్బ. సిద్దిపేట దవాఖానకు తెచ్చేలోపే ప్రాణం పోయింది. ఈ ఎండల మీద నాకున్న కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

నాకు ఫ్రిజ్‌ల పని నేర్పి, తన దుకాణంలో సగం ఇచ్చిన మనిషి. ఏసీ బిగించాక దాని ముందు చేయి పెట్టి, చల్లగాలి తగిలితేనే చాయ్ తాగేవాడు. పాత గ్యాసు ఓజోన్ పొరకు చిల్లు పెడుతుందని తెలిశాక దాన్ని దుకాణంలోకి రానివ్వలేదు. కొత్త గ్యాసు సిలిండర్ మీద ఓజోన్‌కు హాని లేదని రాసి ఉండేది. అది నమ్మి, రిపేరు చేసినప్పుడల్లా లోపలి గ్యాసును ధీమాగా గాలిలోకి వదిలేవాడు.

"గిది మంచి గ్యాస్. మొగులుకేం గాదు" అని ఇంటివాళ్లకు మురిపెంగా చెప్పేవాడు.

రెండేళ్ల కింద ఒక శిక్షణకు వెళ్లొచ్చాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. పొరకు పడ్డ చిల్లు మెల్లగా పూడుకుంటున్న మాట నిజమేనట. పాత గ్యాసు మానడంతో భూమికి కొంత వేడి కూడా తప్పిందట. కానీ ఈ కొత్త గ్యాసు పొర జోలికి పోకపోయినా, గాలిలో చేరి భూమి వేడిని పట్టి ఉంచుతుందట.

"ఇన్నేండ్లు ఎంత ఇడిసిపెట్టిన్నో కొడుకా. గదాన్ని మల్ల ఎట్ల పట్టాలె?" అన్నాడు.

 

అప్పటి నుంచి గ్యాసును మిషన్‌తో సిలిండర్‌లోకి లాగాకే పని మొదలుపెట్టేవాడు. ఆలస్యమవుతుందని గిరాకీ తగ్గింది. "ఉక్కపోతకు సస్తున్నం, జల్ది కానియ్" అని ఎవరైనా కసిరితే, చెమట తుడుచుకుని "గందుకేనయ్యా ఆగమంటున్న" అనేవాడు.

బొంబాయి నుంచి కూతురు వచ్చేదాకా ఆయనను ఫ్రీజర్ పెట్టెలో ఉంచాం. మరునాటి మధ్యాహ్నానికి పెట్టె చల్లదనం పోయింది. కంప్రెసర్ పాడైంది. వేరే పెట్టె అడిగితే అన్నీ చావు ఇళ్లలోనే ఉన్నాయన్నారు. కంప్రెసర్ మార్చాలంటే ముందు లోపలి గ్యాసు తీయాలి.

"శవం ఖరాబైతది. గ్యాస్ ఇడిసిపెట్టు" అని చుట్టాలు తొందరపెట్టారు. నా చేయి వాల్వు మీదికి వెళ్లింది కూడా.

"ఆగుండ్రి. పట్టనియ్యిండ్రి" అంది ఆయన భార్య, మా చిన్నమ్మ.

మిషన్ పెట్టాను. అది లాగుతున్నంతసేపు ఆమె పెట్టె మూత తీసి, తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తూ కూర్చుంది. గల్లీలో మేం బిగించిన ఏసీలన్నీ మా మీదికి వేడిగాలి కక్కుతున్నాయి. ఆమె తుడిచిన చోటల్లా తడి వెంటనే ఆరిపోతోంది.