దూకి చూసిన బల్లలు

ఆ మేస్త్రిని పనివాళ్లంతా చాటుగా మేకుల మేస్త్రి అనేవాళ్లు. వంకరపోయిన మేకు ఒక్కటి కూడా పారేయనిచ్చేవాడు కాదు మరి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఓ కునుకు తీద్దామనుకుంటే, ఆయన రాయి మీద మేకులు పెట్టుకుని సుత్తితో సాఫు చేస్తూ కూర్చునేవాడు. ఆ టకటకలకు నిద్ర పట్టక జనం లోలోపల తిట్టుకునేవాళ్లు.

అలాగని పిసినారి అంటే మాత్రం ఒప్పుకోవడానికి లేదు. ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో ఆయనకు తెలిసినంతగా పెద్ద పెద్ద కాంట్రాక్టర్లకూ తెలియదు. కాంక్రీటు కలిపే మిషను కొనమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా కొనలేదు; నెలలో నాలుగు రోజుల పనికి అద్దెది చాలన్నాడు. గొప్పకు పోయి కొన్నవాళ్లు తరవాత తలలు పట్టుకున్నారు. అదే ఇనుము దగ్గరికొస్తే పైసా తగ్గించేవాడు కాదు. మనిషి బరువు పడే చోట బేరం లేదనేవాడు.

అన్నిటికన్నా ఆయన ప్రాణమంతా పరంజా బల్లల మీదే. గోడకు పైన పూత పూసేటప్పుడు మేస్త్రీలు నిలబడేది వాటి మీదే కదా. ఏటా వానలు వెలిశాక బల్లలన్నీ బయట పడేసి, ఒక్కోదాన్ని రెండు ఇటుకల దొంతుల మీద ఆనించి, నడిమధ్యకు ఎక్కి మూడుసార్లు గట్టిగా దూకేవాడు. కిర్రుమన్నదానికి నూకలు చెల్లినట్టే, నేరుగా పొయ్యిలోకి. ఆయన భారీ మనిషి. ఏటా ఐదారు బల్లలు ఆయన కాళ్ల కింద విరిగేవి, వాటి చోట కొత్తవి వచ్చేవి. ఇరవై ఏళ్లలో ఆయన పరంజా మీంచి ఒక్కరూ పడలేదు.

తమ్ముడూ ఆయన దగ్గరే పూతపని చేసేవాడు. ఒడ్డూ పొడుగూ అచ్చం అన్నే. అతనికి లావు మేస్త్రి అని పేరు. ఎంత ఎత్తయినా కింద చూడకుండా ఎక్కేవాడు. భయం లేదా అని భార్య అడిగితే, "మా అన్న దూకి చూసిన బల్లే" అనేవాడు.

మూడేళ్ల కింద మేకుల మేస్త్రికి షుగరు వచ్చింది. మనిషి చిక్కిపోయాడు. బెల్టు వదులైతే, కొత్తది దండగని పాతదానికే మేకుతో ఇంకో కన్నం పొడిచాడు. ఆ కన్నాలు నాలుగయ్యాయి. భార్య డాక్టరు దగ్గరికి పొమ్మని పోరుతూనే ఉంది, ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. అదే కాలంలో బల్లలు విరగడం మానేశాయి. ఒక ఏడు ఒక్కటే పోయింది, మరుసటి ఏడు అదీ లేదు. తను ఏరి తెచ్చిన కలప అలాంటిదని నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకున్నాడు.

ఈ ఏడు ఒక రెండంతస్తుల ఇంటికి బయట పూత మొదలుపెట్టబోతుంటే తమ్ముడు ఒక బల్ల అంచు గోటితో గీకి చూసి, కాస్త నసిగాడు.

"అన్నా, ఇవి బాగా పాతబడ్డాయి. ఈసారి మార్చేద్దామా?"

"దూకి చూశాన్రా. ఇంకో ఏడాది వస్తాయి."

తమ్ముడు బల్ల భుజానికెత్తుకున్నాడు. అన్న దూకాడంటే అతనికి చాలు.

నాలుగో రోజు పొద్దున, పైన సున్నితంగా తాపీ ఆడిస్తున్న తమ్ముడు సిమెంటు తట్టతో సహా కింద పడ్డాడు. బల్ల సరిగ్గా నడిమికి విరిగింది.

ఆసుపత్రి వరండాలో అన్నకు కళ్లు తిరిగాయి. నర్సు కూర్చోబెట్టి నీళ్లిచ్చి, తేరుకున్నాక బరువు చూసే మిషను ఎక్కమంది. యాభై రెండు కిలోలు. మీ మిషను తప్పు, నేను తొంభై ఉంటానని ఆయన గట్టిగానే అన్నాడు. ఆమె విసుక్కోకుండా తనే ఎక్కి చూపించింది. సరిగ్గానే ఉంది. ఆయన కిందికి చూసుకున్నాడు. బెల్టు కొస నడుము చుట్టూ తిరిగి వీపు దాకా పోయింది. మూడేళ్లుగా తన కాళ్ల కింద బల్లలు విరగడం ఎందుకు మానేశాయో అప్పుడు అర్థమైంది. గోడకు ఆనుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో రోజు తమ్ముడు పోయాడు. అన్నీ అయ్యాక మరదలు గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట అడిగింది.

"బావగారూ, ఆ బల్ల మీరు దూకి చూశారా?"

"చూశానమ్మా."

ఆమె తలాడించి లోపలికి వెళ్లిపోయింది. నమ్మింది. ఆడిపోసుకున్నా ఇంతకన్నా నయంగా ఉండేదనిపించింది ఆయనకు. కిలోల సంగతి చెప్పకుండానే మెట్లు దిగాడు.

నెల తరవాత కొత్త బల్లలు వచ్చాయి, ఒక్క పాతదీ ఉంచలేదు. ఆయన వాటి మీద దూకలేదు. సంచుల్లో ఇసుక నింపించి, తూకం వేయించి, బల్ల నడిమధ్య పేర్పించాడు. సంచులు తొంభై ఐదు కిలోలకు రాగానే, అది లావు మేస్త్రి బరువని అందరికీ తెలుసు కాబట్టి, పనివాడు ఆగాడు.

"ఇంకొంచెం వెయ్యి," అన్నాడు మేకుల మేస్త్రి బల్ల వంక చూస్తూ. "వాడు కడుపునిండా తిని ఎక్కేవాడు."