కాగితం కుస్తీల వెంకటనర్సయ్య సార్

మా గణితోపాధ్యాయులు వెంకటనర్సయ్య గారు పరమపదించారన్న దుర్వార్త నల్గొండ బస్సు కండక్టరు నోట, నకిరేకల్‌లోని మా దుకాణం మెట్ల మీదనే నా చెవిన పడింది. అప్పుడు నేను ఎండుమిరపకాయల బేరంలో ఉన్నాను. మారు మాట్లాడకుండా, కొనవచ్చిన గిరాకీ అడిగిన ధరకే తూచి ఇచ్చేశాను. ఆమె సంచీ అందుకోకుండా నా ముఖంలోకి చూసి, "ఏమైంది శేటూ, పాణం మంచిగ లేదా?" అన్నది. మా వంశంలో అడిగిన ధరకు సరుకిచ్చినవాడు లేడు గనుక ఆమె అనుమానం న్యాయమైనదే.

సార్ చేనేత ఇంట పుట్టి, స్వయంకృషితో మా నల్గొండ కళాశాలలో గణితం బోధించే స్థాయికి ఎదిగిన విద్వాంసులు. మితభాషి. నేనో, పుట్టుకతో బేరగాణ్ణి. మొదటి పరీక్షలో పన్నెండు మార్కులు వస్తే, ఇరవై దగ్గర మొదలుపెట్టి పదిహేడుకు దిగుదామని ఆయన గదికి వెళ్లాను. సార్ నేను చెప్పినదంతా విని, కాగితం మళ్లీ దిద్ది, పదకొండు వేశారు. ఇంకా నిలబడతావా అన్నట్టు చూశారు. నేను నిలబడలేదు.

రాసిచ్చిన ఆజ్ఞల ప్రకారం తమంతట తామే పనిచేసే యంత్రాలు ఎక్కడో ఉన్నాయని ఆ రోజుల్లో సార్ ఒక పత్రికలో చదివారు. మా జిల్లాలో అట్లాంటిది ఎవరూ చూసి ఎరుగరు. "యంత్రం లేకుంటే ఏమాయె, మనుషులున్నరు గద" అని ఆయన ఆరంభించినదే కాగితం కుస్తీ. వరండాలో సుద్దతో గళ్ల చదరం గీస్తారు. అందులో ఇద్దరు పహిల్వాన్లు, చేతుల్లో సుద్ద నిండిన డస్టర్లు. ఒక్కో పహిల్వాను చేతికి ఒక్కో విద్యార్థి రాసిన ఆజ్ఞల కాగితం. సార్ చప్పట్లు కొట్టినప్పుడల్లా కాగితంలో ఉన్నది ఒకటి చేయాలి. ముందుగా ఎదుటివాడికి సుద్ద అంటించినవాడు గెలిచినట్టు. ఆట మొదలైనాక రాసినవాడు నోరు విప్పరాదు. నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు.

ఎందుకీ మౌనమని అడిగితే సార్ చెప్పిన మాట ఇది: "మా నాయిన నూలు మీద ముందుగాలనే ముడులు గట్టి రంగుల ముంచుతడు బిడ్డా. మగ్గం ఎక్కినంక చీర మీది ఏనుగు తొండం వంకర వొయ్యిందని ఏడిస్తే ఎవలు వింటరు? ఏడ్చేదేదో ముందుగాలనే ఏడ్వాలె."

మా పహిల్వాను అటెండరు మల్లయ్య. తాను చెప్పేదాకా గదిలోకి ఎవరినీ రానివ్వవద్దని చెప్పి ప్రిన్సిపాలు గారు చాయకు వెళ్తే, తిరిగి వచ్చిన ప్రిన్సిపాలు గారినే గుమ్మంలో ఆపిన ఘనుడు. ఆ రోజే సార్ ఆయన్ను ఎంచుకున్నారు.

మొదటి ఏడు నలుగురమే. మూడో ఏటికి మహబూబ్‌నగర్ నుంచి ఒక జట్టు తమ పహిల్వాను జంగయ్యతో సహా బస్సులో దిగింది. అదే ఏడు విశ్వవిద్యాలయం నుంచి నల్లకోటు తొడుక్కుని ఒక అధికారి కూడా వచ్చారు. ఈ పిల్లకాయల ఆటకు వరండా ఎందుకని ప్రిన్సిపాలు గారు పైకి రాసి ఉన్నారు. అధికారికి నచ్చకపోతే కాగితం కుస్తీకి అదే ఆఖరు. సార్ ఆ సంగతి మాకు చెప్పి, నా కాగితాన్నే బరిలోకి దింపారు.

నేను అందులో మా అంగడి విద్యనంతా ధారపోశాను. బేరం తెగకపోతే గిరాకీ వెళ్లిపోతున్నట్టు నటిస్తుంది, దుకాణదారు వెంటపడతాడు. అందుకని ఇట్లా రాశాను: "వెనుకకు తిరిగి నడువు. వెంట ఎవడన్నా వస్తే తిరిగి కొట్టు. రాకపోతే నడుస్తూనే ఉండు." మహబూబ్‌నగర్ వాళ్లది ఒకటే ఆజ్ఞ: దగ్గరికి వస్తే కొట్టు, లేకుంటే నిలబడు.

జంగయ్య నిలబడ్డాడు. మల్లయ్య నడిచాడు. చదరం దాటాడు, మెట్లు దిగాడు, గేటు దాటి బస్టాండు తోవ పట్టాడు. సార్ పక్కనే నడుస్తూ చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వెనుక చాలా దూరంలో కళాశాల మొత్తం. ఊరేగింపు ఏ దేవుడిదని ఒక గొల్లాయన నన్ను అడిగాడు. నా నోటికి తాళం పడి ఉన్నది.

ప్రిన్సిపాలు గారి ముఖం వెలిగిపోతున్నది. అధికారి విసుగుపడి, ఆయన్ను వెనక్కి పిలవండి, ఇక చాలు అన్నారు.

"పిలువొద్దయ్యా," అన్నారు సార్, చప్పట్లు ఆపకుండా. "పిలిస్తే పిలగాడు ఏం తప్పు రాసిండో వానికెట్ల తెలుస్తది?"

"ఇట్లైతే నేనేం రాసుకుపోవాలె? పోటీ బందైతది."

"కానియ్యండి. తప్పు దాచిపెట్టి నడిపే పోటీ ఉంటేంది, లేకుంటేంది?"

మూడేళ్ల కష్టాన్ని నా తెలివితక్కువ కాగితం కోసం ఆయన అట్లా వదులుకోవడానికి సిద్ధపడ్డారు. అధికారి ఇక మాటలు కట్టిపెట్టి, తానే పట్టుకు వస్తానని మల్లయ్య వెనుక వడివడిగా నడిచారు. మల్లయ్య ఆగాడు. తిరిగాడు. మరుక్షణం నల్లకోటు తెల్లకోటైంది.

ప్రిన్సిపాలు గారు క్షమాపణలు మొదలుపెట్టారు. మల్లయ్య కాగితం చూపిస్తూ, "గిట్లనే రాసున్నది సార్" అన్నాడు. అధికారి దాన్ని తీసుకుని రెండుసార్లు చదివారు. జేబులోంచి కలం తీసి, 'ఎవడన్నా' కొట్టేసి 'శత్రువు' అని రాసి, నా చేతికిచ్చి, "రెండో ఆట ఎప్పుడు?" అన్నారు. కోటు దులుపుకోకుండానే ఆయన బస్సెక్కడం నేను కళ్లారా చూశాను.

ఆ తరువాత కాగితం కుస్తీ ఒక్క ఏడు కూడా ఆగలేదు.

మొన్న పూర్వ విద్యార్థులం సార్ గది తెరిచాం. మేం రాసిన కాగితాలన్నీ ఏటికేడు కట్టలుగా భద్రపరిచి ఉన్నాయి. తాను లేనప్పుడు పోటీ ఎట్లా నడపాలో మాత్రం ఆ మహానుభావుడు ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదు. చదరానికి ఎన్ని గళ్లో కూడా మాకు ఏకాభిప్రాయం కుదరక గంటసేపు కొట్లాడుకున్నాం.

ఈ ఏడూ పోటీ పెడతాం. తప్పులు రాసేవాళ్లకు మాలో కొరత లేదు. పరువు పోతున్నా సరే, శిష్యుడి తప్పును చివరిదాకా నడవనిచ్చి, దాని పక్కనే తానూ నడిచే గురువును ఎక్కడని వెతకాలి?