మణికట్టు పట్టుకునే నాన్న

ఆయన బస్సు డ్రైవరు. సెలవునాడు కూతురితో బయటికెళితే మాత్రం వేళ్లు జారిపోతాయన్న భయంతో పిల్ల మణికట్టు పట్టుకుని నడుస్తాడు. "చెయ్యి కందిపోతోంది, కాస్త వదలండీ" అని భార్య ఎంత పోరినా చెవికెక్కదు. చెట్లు చిగురించాక ఒక ఆదివారం ముగ్గురూ కొలను పక్కనున్న పార్కుకు వెళ్లారు. చెప్పు సరిచేసుకుందామని ఆయన వంగి లేచేసరికి పక్కన పిల్ల లేదు. కొలనులో ఎర్రబంతి ఒకటి తేలుతోంది. నడుంలోతు నీళ్లలోకి దిగిపోయి రెండు చేతులతో అడుగంతా తడుముతున్నాడు.

"నాన్నా, ఆ బంతి మనది కాదు" అంది కూతురు, పొద చాటునుంచి గట్టు మీదికొస్తూ.

ఆయన పైకొచ్చి పిల్లను గట్టిగా పొదివి పట్టుకున్నాడు.

"వణుకుతున్నావేంటి నాన్నా?"

"నీళ్లు చల్లగా ఉన్నాయమ్మా" అన్నాడు. పరుగున వచ్చిన భార్య ఆయన చెయ్యి పట్టుకుంది.